తొలకరి పడకముందే బోరు మోటారు ఎర్తు చూసుకోండి

స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందని ఇంట్లో ఎవరైనా అంటే ఆ పూట నీళ్లు పెట్టడం ఆపేయండి. మా నాన్న రెండు వానాకాలాలు ఆ జివ్వుమనడాన్ని పట్టించుకోలేదు. రబ్బరు చెప్పులు వేసుకుంటే ఏమీ తెలియదు, వట్టికాళ్లతో తాకితేనే లాగుతుంది. "చిన్న షాకేలే, అలవాటైపోయింది" అనేవారు. చివరికి విప్పి చూస్తే, డబ్బాకు ఎక్కిన కరెంటును భూమిలోకి దించే ఎర్తు తీగ డబ్బాకు గట్టిగానే బిగించి ఉంది. కింద మట్టి దగ్గర, జానెడు ఎత్తున, తుప్పు పట్టి తెగిపోయి ఉంది. పైనుంచి చూసినవాళ్లకు ఎర్తు ఉన్నట్టే కనిపించింది. ఆ రెండేళ్లూ ఆయన్ని కాపాడింది చెప్పులే.

ఈ పని రోహిణి కార్తెలోనే పెట్టుకోండి, మృగశిర దాకా ఆగొద్దు. నేల బాగా ఎండినప్పుడే ఆ తీగ దిగే ఎర్తు గుంత అసలు బలం తెలుస్తుంది. వానలో తడిసిన నేల కరెంటును తేలిగ్గా తీసుకుంటుంది కాబట్టి అప్పుడు కొలిస్తే బలహీనమైన ఎర్తు కూడా బాగున్నట్టే చూపిస్తుంది. నల్లరేగడిలో తేమ కొంతకాలం నిలుస్తుంది. చల్కా, దుబ్బ నేలల్లో పదిరోజుల ఎండకే గుంత పొడిబారిపోతుంది. అందుకే గుంతను నీటి తొట్టి దగ్గరో, కాలువ మొదట్లోనో, ఎప్పుడూ కాస్త తడి ఉండే చోట తీయించుకోవాలి.

గుంత అంటే గజం లోతు తవ్వి ఒక ఇనుప చువ్వ పాతడం కాదు. మన దేశంలో ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పైపు కనీసం 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో, రెండున్నర మీటర్ల పొడవు ఉండాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెడతారు. ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది గానీ ఇనుమును తినేస్తుంది కూడా. అందుకే పైపుకు తీగ కలిపే బోల్టును ఏటా విప్పి, గీకి, మళ్లీ బిగించాలి. రాయి తగిలి పైపు లోతుకు దిగకపోతే రెండు మూడు మీటర్ల దూరంలో రెండో గుంత తీసి, రెండింటినీ తీగతో కలపండి.

ఇంత చేశాక "ఎర్తు ఉంది, ఇక భయం లేదు" అనుకునేవాళ్లు చాలామంది. ఈ ఒక్క మాట గురించే నాకు ఎక్కువ బెంగ. లెక్క చూడండి. ఫేజు తీగ డబ్బాకు తగిలిందనుకుందాం. ఫేజుకూ భూమికీ మధ్య 240 వోల్టులు. మీ గుంత నిరోధం 20 ఓములు ఉంటే భూమిలోకి పోయే కరెంటు 12 ఆంపియర్లకు మించదు. 15 ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలదు. మందపాటి రాగి తీగ చుట్టి పెట్టిన ఫ్యూజైతే వేడి కూడా ఎక్కదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, డబ్బా మీద ప్రాణం తీసే వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది.

ఊళ్లో చాలామంది ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి, వెలిగితే ఎర్తు బాగుందంటారు. 100 వాట్ల బల్బు నిరోధమే దాదాపు 576 ఓములు. గుంత నిరోధం 50 ఓములున్నా బల్బుకు 220 వోల్టులు అందుతాయి, చూడ్డానికి బాగానే వెలుగుతుంది. అంటే పనికిరాని గుంత కూడా ఆ పరీక్షలో పాసవుతుంది. పైగా గుంత పాడైతే ఆ పరీక్ష చేస్తున్నంతసేపూ డబ్బాకే కరెంటు ఎక్కుతుంది. ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపించండి. 5 ఓములలోపు వస్తే మంచిది.

మనిషిని కాపాడేది లీకేజీని పసిగట్టి లైను తెంచే ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల రకం కొనండి. పోయిన కరెంటు తిరిగి రాకపోతే అది 0.3 సెకనులోపే ట్రిప్ అవుతుంది, గుంత అంత బాగా లేకపోయినా పనిచేస్తుంది. ఫ్యూజులు మాత్రం తీసేయొద్దు, ఎక్కువ లోడును ఆర్‌సీసీబీ ఆపలేదు. బోరుకు న్యూట్రల్ లేకుండా మూడు ఫేజులే వస్తుంటే దాని టెస్ట్ బటన్ పనిచేయకపోవచ్చు. పనిచేసేలా వైరింగ్ చేయమని ముందే చెప్పండి, నెలకోసారి ఆ బటన్ నొక్కి చూడండి. పాత మోటారు, పొడవైన కేబుల్ ఉన్నచోట మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. విసుగొచ్చి బైపాస్ చేసేయకండి. ముందు మెగ్గర్‌తో (కరెంటు ఎక్కడైనా లీకవుతోందా అని ఇన్సులేషన్ కొలిచే పరికరంతో) కేబుల్, మోటారు చూపించండి. ఎక్కువసార్లు తప్పు బావి మూతి దగ్గర నీళ్లు దిగిన జాయింటులో దొరుకుతుంది.

బోరులోకి దిగే ఫ్లాట్ కేబుల్లో మామూలుగా మూడు తీగలే ఉంటాయి, ఎర్తు తీగ ఉండదు. అందుకే పైన కనిపించే ఇనుప కేసింగ్‌నూ, డెలివరీ పైపునూ, డబ్బానూ ఒకే జీఐ తీగతో గుంతకు కలపాలి. ఆ ఎర్తు తీగను న్యూట్రల్‌లా వాడి పాకలో బల్బు వెలిగించడం కొన్నిచోట్ల మామూలైపోయింది. గుంత ఎండినా, తీగ తెగినా డబ్బాతో సహా అన్నిటికీ కరెంటు ఎక్కుతుంది. దయచేసి ఈ రోజే తీసేయండి.

ఆటో స్టార్టర్ ఉంటే అదీ తీయించండి. కరెంటు పోయింది కదా అని మీరు మోటారు పని చేస్తూ ఉంటారు, కరెంటు రాగానే దానంతటది ఆన్ అవుతుంది. ఏ పనికైనా మెయిన్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను పిలవండి, లేదా 1912కు ఫోన్ చేయండి. మీరు మాత్రం ఎక్కొద్దు.

మొదటి వాన పడ్డ మర్నాడు నేరుగా స్టార్టర్ దగ్గరికి వెళ్లొద్దు. డబ్బా చుట్టూ నీళ్లు నిలిచాయా, లోపల తడి దిగిందా చూడండి. అది తెరవాలన్నా ముందు మెయిన్ దించాలి. మెయినే తడిసి ఉంటే, దగ్గరికి పోకుండా లైన్‌మన్‌కు చెప్పి పైనుంచి సరఫరా ఆపించండి. పొడి గుడ్డతో తుడిచి, ఎండబెట్టి, ఎండిన చేతులతో, కాళ్లకు రబ్బరు చెప్పులతో, ఎండు చెక్క మీద నిలబడి స్విచ్ వేయండి. మెయిన్ ఎక్కడుందో, ఎటు దించాలో ఇంట్లో ఆడవాళ్లకూ పిల్లలకూ చూపించి ఉంచండి. ఎవరైనా కరెంటుకు అతుక్కుంటే ముట్టుకోకుండా ముందు మెయిన్ దించాలి. అది అందకపోతే ఎండు కర్రతో విడదీయాలి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, ఇంకొకరితో 108కి ఫోన్ చేయించాలి. అంబులెన్సు వచ్చేదాకా నొక్కడం ఆపొద్దు.