మెట్లదారిలో మనిషి కుప్పకూలితే: పెద్దలకు సీపీఆర్ (ఛాతీ నొక్కి రక్తప్రసరణ సాగించే ప్రథమ చికిత్స) చేసే పద్ధతి

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కే దారిలో ఎవరైనా ఉన్నట్టుండి కుప్పకూలితే, నోట్లో నీళ్లు పోయడం మాని, ముందుగా భుజాలు తట్టి గట్టిగా పిలవాలి. పలకకుండా, ఊపిరి తీసుకోకుండా ఉన్నా, ఉండుండి నోరు తెరిచి ఎగశ్వాసలా గాలి పీలుస్తున్నా గుండె ఆగిందనే భావించాలి. ఈ పరిశీలన 10 సెకన్లు మించకూడదు. పక్కనున్న ఒకరిని చూపించి 108కు ఫోన్ చేయమనండి. ‘ఎవరైనా చేయండి’ అంటే గుంపులో ఎవరూ కదలరు.

మనిషిని మెట్ల మీద కాక, చదునైన గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ నడుమ, రొమ్ము ఎముక దిగువ సగంపై ఒక అరచేతిని, మణికట్టుకు దగ్గరి భాగం ఆనేలా ఉంచి, రెండో చేతిని దానిపై పెట్టి వేళ్లు పెనవేయాలి. మోచేతులు వంచకుండా, భుజాలు చేతులకు సరిగ్గా పైన ఉండేలా వంగి, ఒంటి బరువుతో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. తొందరలో చాలామంది విస్మరించేది దీన్నే, ఛాతీ లేవకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు. పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించినా ఆపవద్దు.

శిక్షణ పొందినవారు 30 నొక్కులకు 2 శ్వాసలు ఇవ్వవచ్చు; తక్కినవారు నొక్కడం ఒక్కటే చేసినా మేలే. చేతులు త్వరగా అలసిపోతాయి కనుక 2 నిమిషాలకొకసారి మనిషి మారాలి. ఏఈడీ యంత్రం (ఆగిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం) దొరికితే వెంటనే అమర్చి, అది చెప్పినట్టు చేయాలి. రోగి కదిలే వరకు, లేదా వైద్య సిబ్బంది వచ్చే వరకు కొనసాగించాలి.