పాత సైనిక రైఫిళ్ల పాయింట్ 22 రూపాలు – 3వ పాఠం: కొనేముందు చేత్తో, కంటితో చూడాల్సినవి

మొదటి పాఠంలో రిమ్‌ఫైర్ తూటా గురించి, రెండో పాఠంలో లైసెన్స్ అప్లికేషన్ గురించి చెప్పుకున్నాం. మొదటి పాఠంలోని ఒక్క విషయం ఇవాళ మళ్లీ అవసరం. పెద్ద రైఫిల్ తూటాల్లో మందు అంటించే ప్రైమర్ అడుగున నడిమధ్యలో ఉంటుంది. పాయింట్ 22లో, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు (బోరు) సుమారు 0.22 అంగుళాలుండే చిన్న రైఫిల్ తూటాలో, అది ఇత్తడి అంచు మడతలోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితేనే తూటా పేలుతుంది. ఇవాళ్టి పాఠంలో సగం ఈ అంచు చుట్టూనే తిరుగుతుంది.

పోయిన ఆదివారం రేంజ్‌లో ప్రాక్టీస్ అయ్యాక, మారతహళ్లి నుంచి వచ్చే ఒక తమ్ముడు ఫోన్‌లో ఫొటో చూపించాడు. డాలస్‌లో ఉంటున్న వాళ్ల బావ కొన్న రైఫిల్. "అన్నా, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన ఎస్టీజీ 44 అట, పాయింట్ 22లో చేశారట. బెంగళూరులో ఇలాంటిది దొరకదా?" అని అడిగాడు. జర్మన్ స్పోర్ట్ గన్స్ అనే కంపెనీ చేసిన రైఫిల్ అది. అలాగే అమెరికా సైన్యపు ఎం1 కార్బైన్‌ని ఇటలీలో కియాప్పా వాళ్లు పాయింట్ 22లో చేస్తారు. చైనా కంపెనీ నోరింకో చేసిన జేడబ్ల్యూ 25ఏ జర్మన్ మౌజర్‌ని పోలి ఉంటుంది.

వీటిని నేను రెండు రకాలుగా చూస్తాను. పై రూపం ఒక్కటే పాతదై, లోపల యంత్రమంతా వేరేగా ఉండేవి మొదటి రకం. అసలు ఎం1 కార్బైన్ యంత్రం తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్ ఒత్తిడితో నడుస్తుంది. దాని పాయింట్ 22 రూపంలో ఆ ఏర్పాటే లేదు, బోల్ట్ (తూటా వెనక తలుపులా మూసే ఉక్కు భాగం) తనంతట తాను వెనక్కి తన్నుకుంటుంది. చేతిలో పట్టుకుంటే ముచ్చటగానే ఉంటుంది, దాన్ని నేను కాదనను. కానీ నేర్చుకునేవాళ్లకి రెండో రకం కావాలి. అంటే సైట్లు, ట్రిగ్గర్, బోల్ట్ తిప్పే తీరు అసలు రైఫిల్‌లాగే ఉండేవి.

ఈ రెండో రకం సైన్యాలే పుట్టించాయి. బ్రిటిష్ సైన్యపు 303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా శక్తి మూడు వేల జూల్స్ పైనే. పాయింట్ 22 తూటాది సుమారు 140 నుంచి 190. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే 303 చేతికిస్తే భుజం దెబ్బకి, చప్పుడికి భయపడి ట్రిగ్గర్‌ని గుంజడం అలవాటవుతుంది. అందుకే బ్రిటిష్ సైన్యం అదే ఎన్‌ఫీల్డ్‌కి పాయింట్ 22 బ్యారెల్ బిగించి శిక్షణ రైఫిల్ చేసింది. నంబర్ 2 మార్క్ 4 అనే ఆ రైఫిల్‌లో ఒక్కో తూటాని చేత్తోనే పెట్టాలి. మ్యాగజైన్ డబ్బా ఉంటుంది గానీ అందులో తూటాలుండవు, పేలిన ఖాళీ తొడుగులు అందులో పడతాయంతే. బరువు, సైట్లు, బోల్ట్ మాత్రం అసలు రైఫిల్‌వే. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లకి పాతిక గజాల దూరంలో పడుకుని పాయింట్ 22తో గ్రూపింగ్ (తూటాలన్నీ ఒకేచోట దగ్గరగా పడేలా కాల్చడం) వేసిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ పద్ధతి వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఇక తమ్ముడి ప్రశ్నకి జవాబు. మన దేశంలో 303, 7.62 లాంటి సైనిక బోర్లు మామూలు పౌరులకి నిషిద్ధం. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పౌరుల కోసం 315 బోర్ రైఫిల్ చేసింది అందుకే. పాయింట్ 22కి లైసెన్స్ తప్పనిసరి, 21 ఏళ్లు నిండాలి. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. విదేశీ తుపాకుల దిగుమతి మీద దశాబ్దాలుగా గట్టి కట్టడి ఉంది కాబట్టి బావ కొన్నలాంటిది ఇక్కడికి తెప్పించుకోవాలన్న ఆశ పెట్టుకోవద్దు. అక్కడికి వెళ్లినప్పుడు తెచ్చేద్దామన్న ఆలోచన అసలే వద్దు, అది నేరం. మనకి మిగిలిన దారి, లైసెన్సున్న డీలర్ దగ్గర పాత బోల్ట్ యాక్షన్ పాయింట్ 22. బీఎస్‌ఏ, బ్రనో లాంటి కంపెనీల పేర్లు వింటారు. బీఎస్‌ఏ మార్టినీ ఎక్కడైనా కంటపడితే వదలకుండా చూడండి. 1871లో బ్రిటిష్ సైన్యంలో చేరిన మార్టినీ హెన్రీ యంత్రానికి అది చిన్న బోరు వారసుడు.

పాతవి కొనేటప్పుడు చూడటం తెలియాలి. ఇరవై ఏళ్ల కిందట నేను పాయింట్ 22 ఒకటి కొన్నాను. కర్ర మెరుస్తోంది, బోల్ట్ వెన్నలా జారుతోంది, డబ్బు ఇచ్చేశాను. రేంజ్‌లో పది తూటాలు వేస్తే ఒకటో రెండో పేలేవి కావు. తూటాలు బాగోలేవనుకుని రెండు మూడు కంపెనీలవి మార్చాను. చివరికి ఒక పాత గన్‌స్మిత్ గారు బోల్ట్ తీసి, టార్చ్ వేసి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) మూతి మీద గోరు పెట్టి చూపించారు. అక్కడ చిన్న గుంట ఉంది.

ఆ గుంట ఎలా వస్తుందంటే, ఛాంబర్‌లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కినప్పుడు పిన్‌కి ఎదురుగా ఇత్తడి అంచు ఉండదు. కొన్ని రైఫిళ్లలో పిన్ నేరుగా ఛాంబర్ అంచు ఉక్కుని కొడుతుంది. వందల సార్లు అలా తగిలితే అక్కడ పల్లం పడుతుంది. ఆ తర్వాత అసలు తూటా పెట్టినా, పిన్ కొట్టేచోట అంచుకి వెనక ఆనిక ఉండదు, సరిగా నలగదు, పేలదు. లోపలికి నెట్టుకుపోయిన లోహం వల్ల ఖాళీ తొడుగు కూడా ఇరుక్కుపోతుంది. చిన్న గుంటైతే గన్‌స్మిత్ సరిచేయగలరు, కానీ ఆ ఖర్చు మీ బేరంలోంచి తగ్గాలి.

కాబట్టి చూసే వరుస ఇలా ఉంచుకోండి. రైఫిల్ చేతికి రాగానే మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. అమ్మేవాళ్లు "ఖాళీయే సార్" అన్నా సరే, మీరూ చూడాలి. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటికి తీయించండి. బోల్ట్ బయట ఉంటేనే బ్యారెల్ లోపలికి కన్ను పెట్టాలి. ఛాంబర్ వైపు తెల్ల కాగితం పెట్టి దాని మీద టార్చ్ వేస్తే వెలుగు లోపలికి తిరుగుతుంది, మెలికల గాడులు అంచుల దాకా స్పష్టంగా కనిపిస్తాయి. తుప్పు మచ్చలుంటే అక్కడ వెలుగు చెదురుతుంది. బ్యారెల్ ముందు కొస మూతి అంచు మీద గీతలు, నొక్కులు ఉన్నాయేమో చూడండి, ఎందుకంటే తూటా చివరిసారి తాకేది ఆ అంచునే. పై గొట్టం లావుగా ఉండి లోపల సన్నటి బ్యారెల్ దూర్చిన రకమైతే, రెండూ ఒకదానికొకటి కదులుతున్నాయేమో చేత్తో పట్టి చూడాలి. మ్యాగజైన్ అరిగి ఉంటే ఇంకొకటి దొరుకుతుందా అని అక్కడే అడగండి. కర్ర మీద గీతల గురించి నేను పెద్దగా పట్టించుకోను.

వీలైతే రేంజ్‌లో పది తూటాలు వేయించి, ఖాళీ తొడుగులు జేబులో వేసుకుని ఇంటికి తీసుకురండి. పిన్ ముద్ర అంచు మీదే, లోతుగా, అన్నిటికీ ఒకేచోట ఉండాలి. ముద్ర పలచగా ఉంటే స్ప్రింగ్ బలహీనపడి ఉండొచ్చు, లేదా నాకు తగిలిన గుంట కావచ్చు.

ఈ వారం అభ్యాసం: మీ రేంజ్‌లో ఏ రైఫిల్‌తో ప్రాక్టీస్ చేసినా సరే, దాని ఐదు ఖాళీ తొడుగులు అడిగి తీసుకోండి. పక్కపక్కన నిలబెట్టి పిన్ ముద్రల లోతు, స్థానం నోట్‌బుక్‌లో బొమ్మ గీయండి. నాలుగో పాఠంలో ఆ బొమ్మల్ని ముందు పెట్టుకుని, ఏ తూటా ఏ రైఫిల్‌కి సరిపోతుందో గ్రూపింగ్‌తో తేలుద్దాం.