పెదవులు ముందు, మాట వెనుక

తొమ్మిది నిమిషాల లఘుచిత్రం. వంటింట్లో అమ్మమ్మ, మనవరాలు మాట్లాడుకునే ఒకే ఒక్క దృశ్యం. బొమ్మను ఫోనులో, ధ్వనిని విడిగా రికార్డర్‌లో తీశాను. ఎడిటింగ్‌లో మొదటి మాట పెదవులతో చక్కగా కలిసింది. ఆరో నిమిషానికి అమ్మమ్మ కన్నీరు తుడుచుకున్నాక గానీ ఆమె గొంతు వణకలేదు. ఆ క్షణం కోసమే ఈ కథ రాసుకున్నాను, దాన్ని వదులుకోలేను.

రెండు రాత్రులు ధ్వనిని ముక్కలుగా కోసి జరిపాను. తప్పు ధ్వనిలో లేదు. సెకనుకు 30 ఫ్రేములని (వరుసగా తీసే విడి చిత్రాలు) పెట్టినా, వెలుతురు తగ్గిన చోట ఫోను తక్కువ ఫ్రేములే తీసింది. ఆ ఎగుడుదిగుడు వేగాన్ని నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సమవేగంగా లెక్కగట్టింది. అందుకే బొమ్మ కొద్దికొద్దిగా ముందుకు పరుగెత్తింది.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు 30గా పెట్టి, ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్’ (మారని వేగం) ఎంచుకుని ఫైలును మార్చాను. నాణ్యత తగ్గకుండా చూసుకోవాలి, అసలు ఫైలు చెరపకూడదు. మార్చిన ఫైలుకు ధ్వని జతచేస్తే చివరి మాట వరకూ కలిసింది. అమ్మమ్మ గొంతు, కన్నీరు ఒక్కసారే వచ్చాయి. చాలాసేపు అదే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచే కెమెరా యాప్‌లో 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెడుతున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు), ఈ షట్టర్ దానికి సరిపోతుంది కనుక ట్యూబులైటు మినుకుమినుకు కూడా పోయింది. ప్రతి షాట్ మొదట్లోనే కాదు, చివర కూడా ఒకసారి చప్పట్లు కొడుతున్నాను. రెండు చోట్లా చప్పుడు చేతుల కదలికతో కలిస్తే మధ్యలో బొమ్మ జారలేదన్న ధైర్యం ఉంటుంది.