సమాజ విమర్శను చదివే విద్య – నాలుగో పాఠం: స్వభావం మారిందా, ఏర్పాట్లు మారాయా?

గత మూడు పాఠాలలో ఒక వ్యాసంలో రచయిత స్వయంగా చూసినది ఏది, ఊహించినది ఏది, తీర్పుగా చెప్పినది ఏది అని వేరుచేయడం సాధన చేశాం. ఈ పాఠంలో ఆ సాధనను ఒక పెద్ద వాదం మీద ప్రయోగిద్దాం. ఆధునిక పాశ్చాత్య మానవుడు తనలో తాను మునిగిపోయాడనీ, అందువల్లనే అక్కడి కుటుంబం, ఇరుగుపొరుగు, చర్చి, సంఘం సడలిపోయాయనీ చెప్పే వాదం అది. మన పత్రికల సంపాదకీయాలలో, ప్రవచనాలలో, అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దల మాటలలో ఇది తరచుగా వినిపిస్తుంది. అయితే ఈ విమర్శను మనకన్నా ముందు, మనకన్నా తీవ్రంగా పాశ్చాత్యులే తమ మీద తాము చేసుకున్నారు. అందువల్ల పరిశీలనకు కావలసిన సామగ్రికి కొరత లేదు. ఇలాంటి వ్యాసం ఏది చేతికి వచ్చినా, ఇది ఎవరిని చూసి రాసినది, దేనిని కొలిచి చెప్పినది, కారణమని చెప్పినది నిజంగా ఫలితానికి ముందే జరిగిందా అని అడిగే అలవాటు ఏర్పడటమే ఈ పాఠం లక్ష్యం.

ఫిర్యాదు వయసు

క్షీణత గురించిన వ్యాసంలో మొదట చూడవలసినది ఆ ఫిర్యాదు ఎప్పటిదన్నది. 1831లో అమెరికా జైళ్ల పరిశీలనకు వచ్చిన ఫ్రెంచి యువకుడు అలెక్సీ ద తోక్విల్, 1835లోను 1840లోను రెండు భాగాలుగా వెలువరించిన గ్రంథంలో, ప్రజాస్వామ్యంలో మనిషి తన కుటుంబాన్నీ కొద్దిమంది స్నేహితులనూ చుట్టూ ఉంచుకుని విశాల సమాజాన్ని దాని మానాన వదిలేసే ప్రమాదం ఉందని హెచ్చరించాడు. అదే గ్రంథంలో, ప్రతి చిన్న పనికీ సంఘం పెట్టుకునే అలవాటుతో అమెరికన్లు ఆ ప్రమాదాన్ని ఎదుర్కొంటున్నారని కూడా రాశాడు. చాలామంది వ్యాసకర్తలు మొదటి మాటను తీసుకుని రెండో మాటను వదిలేస్తారు. వదిలేయకూడదు. మనిషిని తనలోంచి బయటికి రప్పించేవి నీతిబోధలకన్నా నలుగురితో కలిసి చేయవలసిన పనులే అన్న అర్థం ఆ రెండో మాటలోనే ఉంది, ఈ పాఠమంతా దాని మీదనే ఆధారపడుతుంది.

దాదాపు రెండు వందల ఏళ్ల వయసున్నంత మాత్రాన ఒక ఫిర్యాదు అబద్ధం కాదు. కానీ ‘ఈ తరంలోనే’, ‘సెల్ఫీలు వచ్చాకే’ వంటి మాటలు కనబడిన చోట పెన్సిలుతో గీత గీసి, రచయిత ఏ సంవత్సరాన్ని ఆరంభంగా తీసుకున్నాడో పక్కన రాసుకోండి. ఆరంభం చెప్పని క్షీణతను అంగీకరించడానికీ లేదు, తోసిపుచ్చడానికీ లేదు.

ఎవరిని చూసి రాశారు?

ఈ ప్రశ్నకు 1970ల అమెరికాను మించిన పాఠం మరొకటి లేదు కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. 1976లో పత్రికా రచయిత టామ్ వుల్ఫ్ ఆ కాలానికి ‘నేను దశాబ్దం’ అని పేరు పెట్టాడు. ఆయన దృష్టి మనోచికిత్స బృందాల మీద, ఆత్మాన్వేషణ శిబిరాల మీద ఉంది. కాలిఫోర్నియా సముద్రతీరాన బిగ్ సర్ దగ్గర 1962లో మొదలైన ఎసలెన్ సంస్థ అటువంటి శిబిరాలకు పేరుపొందినది. 1979లో చరిత్రకారుడు క్రిస్టఫర్ లాష్ ఇదే విషయం మీద రాసిన గ్రంథం విస్తృతంగా చర్చకు వచ్చింది. లాష్ వాదాన్ని ‘అందరూ స్వార్థపరులయ్యారు’ అని కుదించి చెప్పడం పరిపాటి అయింది, అది తప్పు. వినియోగదారుల విపణి, పెద్ద కార్యాలయాల పాలన, నిపుణుల పెత్తనం కుటుంబాన్ని లోపలి నుంచి బలహీనపరిచాయనీ, అందువల్ల ఇతరుల మెప్పు లేనిదే నిలబడలేని బలహీనమైన వ్యక్తిత్వం తయారైందనీ ఆయన వాదించాడు. అంటే ఆయన చూసింది తనను తాను అతిగా ప్రేమించుకునే మనిషిని కాదు, తన మీద తనకు నమ్మకం లేని మనిషిని.

1979 జూలై 15న, పెట్రోలు కోసం జనం వరుసలలో నిలబడి ఉన్న రోజులలో, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ టెలివిజన్‌లో జాతినుద్దేశించి ప్రసంగిస్తూ, చాలామంది సుఖలాలసనూ వినియోగాన్నీ ఆరాధిస్తున్నారని బాధపడ్డాడు. ఈ మూడింటినీ వరుసగా చదివితే ఆ దశాబ్దపు అమెరికా మొత్తం అద్దం ముందు కూర్చుందనిపిస్తుంది.

ఇప్పుడు అదే కాలంలోని ఒహాయో రాష్ట్రానికి వెళ్దాం. 1977 సెప్టెంబరు 19, సోమవారం నాడు, మహోనింగ్ నది ఒడ్డున ఉన్న యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన క్యాంప్‌బెల్ ఉక్కు కర్మాగారాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటించింది. సుమారు 5,000 మంది పని పోయింది. తరువాతి ఏళ్లలో ఆ లోయలోని మిగతా ఉక్కు మిల్లులు కూడా ఒకటొకటిగా మూతబడ్డాయి. 1960లో దాదాపు 1,67,000 జనాభా ఉన్న యంగ్స్‌టౌన్ నగరంలో 2020 నాటికి మిగిలింది సుమారు 60,000 మంది. అక్కడి ప్రజలు తమలో తాము మునిగిపోలేదు. క్యాథలిక్ బిషప్ జేమ్స్ మలోన్, ఎపిస్కోపల్ బిషప్ జాన్ బర్ట్ వంటివారి నాయకత్వంలో చర్చిలన్నీ శాఖాభేదం లేకుండా కూడి, ఆ కర్మాగారాన్ని ఊరూ కార్మికులూ కలిసి కొనుక్కుని నడపాలని పథకం వేశాయి, జనం తమ పొదుపు సొమ్మును ఆ ఉద్యమం పేరిట బ్యాంకులలో జమ చేశారు. కావలసిన రుణాలకు పూచీ ఇవ్వడానికి సమాఖ్య ప్రభుత్వం 1979లో నిరాకరించింది. అది కార్టర్ ప్రభుత్వమే. ప్రజలు స్వసుఖంలో పడ్డారని అధ్యక్షుడు బాధపడిన ఏడాదిలోనే, సమష్టిగా ఒక ఊరిని నిలబెట్టుకోవడానికి ప్రజలు చేసిన ప్రయత్నానికి ఆయన ప్రభుత్వం తోడు రాలేదు.

ఒక సంస్కృతి గురించి రాసిన వ్యాసంలో ‘వారు’, ‘ఆధునిక మానవుడు’, ‘పాశ్చాత్యులు’ అన్న పదాలు కనబడితే, ఆ పదాల కింద ఉన్నది బిగ్ సర్ శిబిరానికి డబ్బు కట్టి వెళ్లిన మనిషా, క్యాంప్‌బెల్ గేటు ముందు నిలబడిన మనిషా అని అడగండి. పని పోయి, పొరుగువారు వలస వెళ్లి, యూనియన్ హాలుకు తాళం పడి ఒంటరిగా మిగిలిన వాడిని కూడా ఆత్మమోహి, అంటే తనలో తానే మునిగినవాడు, అనే లెక్కలో కలిపేసే వాదం సరైనది కాదని, న్యాయమైనది అంతకన్నా కాదని నా అభిప్రాయం.

దేనిని కొలిచారు?

ఆత్మమోహాన్ని కొలవడానికి మనస్తత్వ పరిశోధకులు 1979 నుంచి ఒక ప్రశ్నావళిని వాడుతున్నారు. ఎక్కువగా వాడే రూపంలో 40 జతల వాక్యాలుంటాయి, ప్రతి జతలో తనకు దగ్గరగా ఉన్నదానిని ఎంచుకోవాలి. 2008లో జీన్ ట్వెంగీ బృందం, 1979 నుంచి 2006 వరకు 16,475 మంది అమెరికన్ కళాశాల విద్యార్థులు ఇచ్చిన సమాధానాలను కలిపి చూసి, మార్కులు పెరుగుతూ వచ్చాయని ప్రకటించింది. అదే సంవత్సరం మరో బృందం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థుల లెక్కలు తీసి చెప్పుకోదగ్గ పెరుగుదల లేదన్నది. 2017లో వెలువడిన ఇంకో అధ్యయనం 1990ల నుంచి 2010ల దాకా విద్యార్థులలో ఆత్మమోహం కొంత తగ్గిందని తేల్చింది. పత్రికలలో మాత్రం మొదటిదే ఎక్కువగా మిగిలింది.

ఈ ప్రశ్నావళిలో ఒక జత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తన మాటను నిక్కచ్చిగా చెప్పగలను అనే వాక్యం ఒకవైపు, అలా చెప్పగలిగితే బాగుండును అనే వాక్యం మరోవైపు ఉంటాయి. మొదటిదాన్ని ఎంచుకుంటే ఆత్మమోహం కింద ఒక మార్కు పడుతుంది. 1979కీ 2006కీ మధ్య చదువులలోకి, ఉద్యోగాలలోకి పెద్ద సంఖ్యలో వచ్చిన అమెరికన్ యువతులు మొదటి వాక్యాన్ని ఎక్కువగా ఎంచుకుంటే, అది క్షీణతా, ఆలస్యంగా దక్కిన ఆత్మవిశ్వాసమా? అంకె ఆ సంగతి చెప్పదు. కొలబద్ద లోపల ఏముందో చూడకుండా మార్కులు పెరిగాయన్న మాటను వాదానికి ఆధారంగా స్వీకరించవద్దు.

ఒంటరితనం విషయంలోను ఇదే జాగ్రత్త కావాలి. ముఖ్యమైన విషయాలు ఎవరితో మాట్లాడుకుంటారు అని అమెరికా సాధారణ సామాజిక సర్వేలో అడిగినప్పుడు, ఎవరూ లేరన్నవారు 1985లో సుమారు 10 శాతం ఉండగా 2004లో దాదాపు 25 శాతం ఉన్నారు. 2006లో ఈ ఫలితం వెలువడినప్పుడు దేశమంతటా కలవరం పుట్టింది. తరువాత సామాజికవేత్తలు ఆ సర్వే సామగ్రినే తిరిగి పరిశీలించి, 2004లో ఆ ప్రశ్న వచ్చిన తీరు, అడిగినవారి మధ్య తేడాలు ఆ పెరుగుదలలో పెద్ద భాగానికి కారణం కావచ్చని చూపించారు. సుదీర్ఘమైన సంభాషణలో అలసిపోయిన సర్వేకర్త ఒకటి రెండు పేర్లు చెప్పించకుండా ముందుకు వెళ్లిపోతే, ఆ పేర్ల స్థానంలో ఒంటరితనం నమోదవుతుంది.

ఇలా చెప్పడం వల్ల ఏదీ తగ్గలేదని అర్థం చేసుకోకండి. తగ్గినవి ఉన్నాయి, వాటి లెక్క చాలా గట్టిది. అభిప్రాయ సేకరణలు జరిపే గ్యాలప్ సంస్థ 1937లో మొదటిసారి అడిగినప్పుడు 73 శాతం అమెరికన్లు ఏదో ఒక ప్రార్థనా సంస్థలో సభ్యులు, 2020లో అది 47 శాతం. 1950లలో జీతగాళ్లలో దాదాపు మూడోవంతు మంది కార్మిక సంఘాలలో ఉండేవారు, 2023లో పదోవంతు. చాలామంది మనుషులను నమ్మవచ్చు అన్నవారు 1972లో 46 శాతం దాకా ఉండి, 2018 నాటికి మూడోవంతు దగ్గరికి వచ్చారు. స్వభావం గురించిన ఆధారాలు తడబడుతున్న చోట, సభ్యత్వాల గురించిన ఆధారాలు స్థిరంగా ఉండటాన్ని గమనించండి.

ఏది ముందు, ఏది తరువాత?

1995లో రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం ఒక వ్యాసంలో చూపిన లెక్క ఈ ప్రశ్నకు మంచి సాధనం. 1980 నుంచి 1993 మధ్య అమెరికాలో బౌలింగ్ (బరువైన బంతిని దొర్లించి పిన్నులను పడగొట్టే ఆట) ఆడేవారి సంఖ్య పదిశాతం పెరిగింది, లీగులలో చేరి జట్లుగా ఆడేవారి సంఖ్య నలభై శాతం పడిపోయింది. ఆట మీద ఇష్టం తగ్గలేదు, మనుషులు ఇంట్లో కూర్చోలేదు, ప్రతి వారం అదే రాత్రి అదే నలుగురిని కలవవలసిన ఏర్పాటు పోయింది. ఐదేళ్ల తరువాత కారణాలను తూకం వేసినప్పుడు ఆయన టెలివిజన్‌కూ, పని ఒత్తిడికీ, నగరాల చుట్టూ విస్తరించిన శివారు కాలనీలకూ, అన్నిటికన్నా ఎక్కువగా తరాల మార్పుకూ వాటాలు వేశాడు. తరాల మార్పు అన్నది కారణమా, కారణానికి మనం పెట్టుకున్న పేరా అన్న సందేహం నాకు ఉంది. మిగతా వాటిలో స్వభావాన్ని నిందించవలసినది మాత్రం ఏదీ లేదు.

అమెరికా వెళ్లి వచ్చిన మన పెద్దలు చెప్పే మాటను ఇక్కడ ఈ పద్ధతితో చూడవచ్చు. వీధిలో మనిషి కనబడడనీ, పక్కింటివారి పేరు తెలియదనీ వారు చెప్పేది చూసిన విషయమే, నిజమే. అక్కడివారికి మనుషులు అక్కర్లేదన్నది ఊహ. ఇళ్లు ఒకచోట, దుకాణాలు మరోచోట ఉండాలని స్థానిక నిబంధనలే విధించిన శివారులో, చాలాచోట్ల కాలిబాట కూడా లేని రోడ్ల మీద, పాలప్యాకెట్టుకు కూడా కారు తీయవలసిన చోట వీధిలో మనిషి కనబడకపోవడానికి మనసు కారణం కానక్కరలేదు.

చివరగా ఎదురుసాక్ష్యం. స్వీడన్‌లో ఒంటరిగా నివసించేవారి ఇళ్లు మొత్తం ఇళ్లలో సుమారు నలభై శాతం. 1971 నుంచి అక్కడ భార్యాభర్తలకు ఆదాయపు పన్ను విడివిడిగా లెక్కిస్తారు, చదువుకునే యువతకు తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ సహాయం, రుణం అందుతాయి. వ్యక్తిని కుటుంబం మీద ఆధారపడనివ్వకుండా నిలబెట్టిన దేశం ఇది. ‘వ్యక్తివాదం నమ్మకాన్ని తినేస్తుంది’ అనే సూత్రం నిజమైతే అక్కడ ఎవరూ ఎవరినీ నమ్మకూడదు. అంతర్జాతీయ సర్వేలలో మాత్రం చాలామంది మనుషులను నమ్మవచ్చనేవారు స్వీడన్‌లో సగానికి మించి ఉంటారు, ప్రపంచంలో అత్యధిక స్థాయిలలో అది ఒకటి. ఒక్క ఎదురుసాక్ష్యంతో సూత్రం కూలిపోదు కానీ, దానికి షరతులు చేర్చక తప్పదు. వ్యక్తి స్వేచ్ఛతో పాటు ఆసుపత్రి, బడి, పింఛను వంటి ఉమ్మడి ఏర్పాట్లు ఉన్నాయా లేవా అన్నది ఆ షరతులలో మొదటిది కావాలి.

అభ్యాసం

పాశ్చాత్య సమాజపు ఒంటరితనం మీద తెలుగులో వచ్చిన ఒక వ్యాసాన్ని తీసుకోండి. 2018లో బ్రిటన్ ఒంటరితనానికి ఒక మంత్రిని నియమించిందన్న సంగతి అందులో ఉండే అవకాశం ఎక్కువ. ఉంటే, ఆ నియామకం వెనుక 2016లో హత్యకు గురైన పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్ ప్రారంభించిన కృషి ఉందనీ, 2010 తరువాత స్థానిక సంస్థలకు నిధులు తగ్గి అక్కడ అనేక గ్రంథాలయాలు, యువజన కేంద్రాలు మూతబడ్డాయనీ వ్యాసకర్త చెప్పాడా అని చూడండి. తరువాత ఆ వ్యాసంలో స్వభావాన్ని నిందించే వాక్యాలను ఒక రంగుతో, ఏర్పాట్ల మార్పును చెప్పే వాక్యాలను మరో రంగుతో గుర్తించండి. మొదటి రంగు వాక్యాలలో ఒకదాన్ని ఎంచుకుని, ఎవరు, ఎక్కడ, ఎప్పటి నుంచి అన్న మూడు వివరాలతో తిరిగి రాయండి. వివరాలు దొరకక వాక్యం రాయలేకపోతే, ఏ వివరం దొరకలేదో నోటుపుస్తకంలో రాసి ఉంచండి, ఐదో పాఠానికి అది అవసరమవుతుంది. 2010 తరువాత స్మార్ట్‌ఫోన్‌కూ కౌమారుల మానసిక ఆరోగ్యానికీ ముడిపెట్టే వాదాలను అందులో ఇదే పద్ధతిలో పరిశీలిస్తాం.