డ్రాయింగులకూ స్పెసిఫికేషన్‌కూ పొంతన: ఏఐ చేత చేయించే పద్ధతి

భవనం డిజైన్ చేయమని ఏఐని అడిగేవాళ్లు చాలామంది. నేను ఆ పని చెప్పను. విసుగు పుట్టించే పనే అప్పగిస్తాను: వందల పేజీల స్పెసిఫికేషన్‌కూ (ఏ సామగ్రి, ఏ నాణ్యతలో వాడాలో చెప్పే పత్రం) డ్రాయింగులకూ పొంతన ఉందా లేదా చూడటం.

ముందు ఫైళ్లు వేరు చేయండి. పాత రివిజన్లూ కొత్తవీ ఒకేచోట కలిసి ఉంటే, రద్దయిన షీటులోని కొలతను కూడా ఏఐ ధీమాగా అప్పజెబుతుంది. పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని మౌస్‌తో పట్టుకుని చూడండి. అక్షరాలు చిక్కకపోతే అది ఉత్త బొమ్మ, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చడం) చేయాలి. ఓసీఆర్ 8ని 3గా చదవగలదు, దశాంశ బిందువును మింగేయగలదు. అంకెలున్న పేజీలను ఒకసారి కంటితో చూడక తప్పదు.

ఇక అడిగే తీరు. 'తప్పులేమైనా ఉన్నాయా?' అంటే చక్కని వ్యాసం వస్తుంది, పనికి మాత్రం రాదు. డోర్ షెడ్యూల్ అంటే భవనంలోని తలుపుల పట్టిక, ఫైర్ రేటింగు అంటే తలుపు మంటను ఎంతసేపు ఆపగలదో చెప్పే అంకె. నేను ఇలా రాస్తాను: 'డోర్ షెడ్యూల్‌లోని ప్రతి తలుపు ఫైర్ రేటింగునూ స్పెసిఫికేషన్‌తో పోల్చు. తేడా ఉన్నవే చెప్పు. రెండు చోట్ల ఉన్న మాటలనూ యథాతథంగా, షీటు నంబరు, పేజీ నంబరుతో ఇవ్వు. దొరకకపోతే దొరకలేదని రాయి.' ఆ చివరి వాక్యం వదలకండి. లేకపోతే ఖాళీని ఊహతో పూరించే ప్రమాదం ఉంది.

మెట్ల దగ్గరి తలుపుకు షెడ్యూల్‌లో 60 నిమిషాలు, స్పెసిఫికేషన్‌లో 90 అని ఉంటే ఇట్టే పట్టుకుంటుంది. ఏది సరైనదో దాన్ని అడగను. ఆ ప్రశ్న ఆర్‌ఎఫ్‌ఐగా (వివరణ కోరే లేఖ) ఆర్కిటెక్టుకు వెళ్లాల్సిందే. చిత్తుప్రతి దాని చేతే రాయించుకోవచ్చు, మర్యాదవాక్యాలు కొట్టేస్తే చాలు.

బొమ్మలో పొడవు కొలవమనకండి, తలుపులు లెక్కపెట్టమనకండి. భవనానికి 3డీ మోడల్ ఉంటే దాని ఐఎఫ్‌సీ ఫైలు (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగల ఉమ్మడి రూపం) తీసుకోండి. ఐఎస్‌ఓ 16739 ప్రమాణంలో ఉండే ఆ ఫైలులో తలుపు తలుపుగానే నమోదై ఉంటుంది, నాలుగు గీతలుగా కాదు. బీము లెక్కలకు విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఎటూ ఉంది.

క్లయింటు ఫైళ్లు ఎక్కించే ముందు కాంట్రాక్టులో గోప్యత నిబంధన చదవండి.

జవాబు వచ్చాక అది చెప్పిన ప్రతి షీటూ తెరవండి. ఆ మాటలు అక్కడ లేకపోతే ఆ వరుస కొట్టేసి, షెడ్యూల్‌ను చిన్న ముక్కలుగా చేసి మళ్లీ ఇవ్వండి. పెద్ద పట్టిక ఒకేసారి ఇస్తే మధ్య వరుసలు దాటేస్తూ ఉంటుంది. అందుకే తేడా లేదన్న తలుపుల్లోంచి కూడా నాలుగైదింటిని నేనే తీసి చూస్తాను.