థైరాయిడ్ మాత్ర వేసుకునే పద్ధతి, టీఎస్‌హెచ్ రిపోర్టు చదివే తీరు

రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే హార్మోను, రక్తపరీక్షలో చూసేది) దిగడం లేదంటే చాలామందికి మొదట తట్టేది డోసు చాలలేదని. నిజంగా డోసు చాలని సందర్భాలు ఉంటాయి. కానీ అంతకంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: వేసుకున్న మాత్ర రక్తంలోకి సరిగా చేరుతోందా, పరీక్ష చేయించిన సమయం సరైనదేనా. ఇవి తేలకుండా డోసు పెంచేసి, ఆ తర్వాత అలవాటు మారి మాత్ర బాగా ఒంటబడితే ఈసారి హార్మోను ఎక్కువవుతుంది. గుండెదడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం అక్కడినుంచే మొదలవుతాయి.

హైపోథైరాయిడిజంకు, అంటే థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోను తయారుచేయకపోవడానికి, ఇచ్చే మందు లీవోథైరాక్సిన్. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 (థైరాక్సిన్) హార్మోనుకు ఇది అచ్చమైన నకలు. ఒంట్లో అవసరమైన చోట టీ4 నుంచి ఒక అయోడిన్ పరమాణువు ఊడి టీ3 అవుతుంది. కణాల మీద అసలు పని చేసేది ఆ టీ3. రక్తంలో హార్మోను తగ్గిందని మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి పసిగడితే టీఎస్‌హెచ్ ఎక్కువగా వదులుతుంది. అంటే టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ తగ్గినట్టు, టీఎస్‌హెచ్ పడిపోతే థైరాయిడ్ ఎక్కువైనట్టు. ఈ తలకిందుల లెక్క అర్థం కాక, అంకె పెరిగింది కాబట్టి మాత్ర ఎక్కువైందనుకుని మానేసేవాళ్లు ఉన్నారు. రిపోర్టు చూసేముందు ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే సగం గందరగోళం పోతుంది.

మాత్ర ఎలా వేసుకోవాలి

పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట వరకు ఏమీ తినకూడదు. పరగడుపున వేసుకుంటే మాత్రలో దాదాపు 70 నుంచి 80 శాతం చిన్నపేగు నుంచి రక్తంలోకి వెళ్తుంది. కడుపులో తిండి ఉంటే ఆ వాటా తగ్గుతుంది, పైగా రోజుకో రకంగా మారుతుంది. కాఫీ కూడా తిండి లెక్కే. మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగడం మందు ఒంటబట్టకపోవడానికి తరచూ కనిపించే కారణం. ‘నేను ఏమీ తినలేదు, కాఫీ మాత్రమే తాగాను’ అనేవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదవాలి.

పొద్దున్నే గంట ఆగడం కుదరనివాళ్లకు రాత్రి పడుకునేముందు వేసుకోవడం మంచి ప్రత్యామ్నాయం. చివరిసారి తిన్నాక కనీసం 3 గంటలు గడవాలి. పొద్దునా రాత్రా అన్నది పెద్ద విషయం కాదు. ఏదో ఒకటి ఎంచుకుని రోజూ దానికే కట్టుబడాలి.

కాల్షియం, ఐరన్ మాత్రలకు, దీనికి మధ్య 4 గంటలు తేడా ఉండాలి. కాల్షియం, ఐరన్ పేగులో థైరాక్సిన్‌ను పట్టుకుని కరగని ముద్దగా మార్చేస్తాయి; అది మలంతో బయటికి పోతుంది. ఈ రెండూ ఉన్న మల్టీవిటమిన్‌కు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్‌కు, కడుపు పుండ్లకు ఇచ్చే సుక్రాల్ఫేట్‌కు, కొలెస్ట్రాల్ కోసం ఇచ్చే కొలెస్టిరమిన్‌కు కూడా ఇదే నియమం. ఒమెప్రజోల్, పాంటప్రజోల్ వంటి గ్యాస్ మాత్రల సంగతి వేరు. అవి కడుపులో ఆమ్లాన్నే తగ్గిస్తాయి, మాత్ర సరిగా కరగడానికి ఆ ఆమ్లం కావాలి. కాబట్టి గంటల తేడా పాటించినా లాభం ఉండదు. గ్యాస్ మాత్ర నెలల తరబడి వాడాల్సి వస్తే 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకుని, అవసరమైతే డోసు మార్పించుకోవాలి. సోయా, పీచు ఎక్కువున్న పొడులు కూడా మందును కొంత అడ్డుకుంటాయి. వాటిని మానక్కర్లేదు, మాత్రకు దూరంగా తీసుకుంటే చాలు.

ఒక రోజు మర్చిపోతే కంగారు పడనక్కర్లేదు. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది కాబట్టి ఒక్క మాత్ర తప్పితే తేడా తెలియదు. అదే రోజు గుర్తొస్తే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోండి. వారంలో రెండు మూడుసార్లు తప్పితే మాత్రం లెక్క మారుతుంది.

మాత్రలను వేడి, తేమ, వెలుతురు పాడుచేస్తాయి. వంటగదిలో, స్నానాలగదిలో, కారు డ్యాష్‌బోర్డులో ఉంచకూడదు. వారానికి సరిపడా తీసి డబ్బాలో సర్దుకునే అలవాటుంటే స్ట్రిప్పును అలాగే కత్తిరించి పెట్టుకోండి. తయారీ కంపెనీ మారినా 6 వారాల తర్వాత ఒకసారి పరీక్ష చేయించడం మంచిది.

డోసు లెక్క

గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయని పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.6 మైక్రోగ్రాములు అన్నది డాక్టర్లు వాడే మొదటి అంచనా. 60 కిలోల మనిషికి 96, అంటే 100 మైక్రోగ్రాముల మాత్ర. గ్రంథి కొంత పనిచేస్తుంటే ఇంతకంటే తక్కువ చాలు. వయసు పైబడినవాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఒక్కసారిగా పూర్తి డోసు ఇస్తే గుండె వేగం, ఆక్సిజన్ అవసరం పెరిగి ఛాతీనొప్పి రావచ్చు. కొన్ని పెట్టెల మీద మైక్రోగ్రాములకు బదులు మిల్లీగ్రాములు రాసి ఉంటాయి: 0.1 మిల్లీగ్రాము అంటే 100 మైక్రోగ్రాములు, 0.025 అంటే 25. దశాంశ బిందువు దగ్గర పొరపాటు జరిగితే డోసు పది రెట్లు మారుతుంది.

పరీక్ష ఎప్పుడు, ఎలా

డోసు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగాలి. రక్తంలో టీ4 కొత్త మట్టానికి చేరడానికి, పిట్యూటరీ దానికి సర్దుకోవడానికి అంత సమయం కావాలి. రెండు వారాలకే పరీక్ష చేయించి మళ్లీ డోసు మార్చడమంటే కదులుతున్న తక్కెడలో తూకం వేయడమే.

టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. అందుకే ప్రతిసారీ అదే వేళకు, వీలైతే అదే ల్యాబులో ఇవ్వాలి. 3.1 కాస్తా 3.8 అయిందని ఆందోళన పడనక్కర్లేదు. పొద్దున పరీక్షకు వెళ్తే రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. మింగిన కొన్ని గంటల పాటు ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉన్న టీ4) తాత్కాలికంగా ఎక్కువగా కనిపిస్తుంది.

జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ వాడేవాళ్లు పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి. బయోటిన్ గ్రంథిని ఏమీ చేయదు. చాలా ల్యాబు యంత్రాల్లో పరీక్ష జరిగే రసాయన పద్ధతిని మాత్రం పక్కదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ లేనిపోని తగ్గుదల, ఫ్రీ టీ4 లేనిపోని పెరుగుదల చూపిస్తాయి. ఆ రిపోర్టును నమ్మి డోసు తగ్గిస్తే మంచిగా ఉన్న మనిషికి నీరసం తెచ్చిపెట్టినట్టే.

పెద్దవాళ్లలో మామూలు టీఎస్‌హెచ్ దాదాపు 0.4 నుంచి 4.0 మధ్య, ల్యాబును బట్టి కొద్దిగా అటూఇటూ. ఫ్రీ టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ మాత్రం 10 లోపు పెరిగి ఉంటే, ఒక్క రిపోర్టుతోనే మందు మొదలుపెట్టరు. 2, 3 నెలలకు మళ్లీ చూస్తారు. చాలాసార్లు అది తనంతట తానే దిగుతుంది. గర్భిణుల విషయంలో మాత్రం ఇలా ఆగరు.

టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి, ఫ్రీ టీ4 మామూలుగానో పైఅంచునో ఉంటే ఒక విషయం నిజాయితీగా ఆలోచించండి: వారాల తరబడి మాత్రలు తప్పించి, పరీక్షకు ముందు నాలుగు రోజులు మాత్రం శ్రద్ధగా వేసుకున్నారా? టీ4 నాలుగు రోజుల్లో పెరుగుతుంది, టీఎస్‌హెచ్ అంత త్వరగా దిగదు. డాక్టరుకు నిజం చెబితే అనవసరంగా డోసు పెరగదు. అన్నీ పాటిస్తున్నా అంకె దిగకపోతే సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినేది), కడుపులో హెలికోబాక్టర్ ఇన్‌ఫెక్షన్, కడుపు పొర పలచబడే గ్యాస్ట్రైటిస్ ఉన్నాయేమో వెతకాలి. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వంటి మూర్ఛ మందులు, క్షయకు వాడే రిఫాంపిసిన్ హార్మోనును వేగంగా ఖర్చు చేయిస్తాయి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే కూడా డోసు పెంచాల్సి రావచ్చు.

గర్భం వస్తే

ఇప్పటికే మాత్ర వాడుతున్న స్త్రీకి గర్భం తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచుతారు. దానికి తేలిక దారి వారానికి 7 మాత్రలకు బదులు 9 వేసుకోవడం, అంటే ఏవైనా రెండు రోజులు రెండేసి. ఈ మార్గం ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకుంటే అపాయింట్‌మెంట్ కోసం వారాలు పోవు. గర్భం సగం గడిచేదాకా 4 వారాలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. కాన్పు కాగానే చాలామందికి పాత డోసుకు తగ్గిస్తారు, 6 వారాలకు మళ్లీ పరీక్ష. అప్పటికే ఐరన్, కాల్షియం కూడా రాసి ఉంటారు కాబట్టి 4 గంటల నియమం ఈ నెలల్లోనే ఎక్కువగా తప్పుతుంది.

టీఎస్‌హెచ్‌ను నమ్మకూడని సందర్భం

లోపం పిట్యూటరీలోనే ఉంటే టీఎస్‌హెచ్ మామూలుగా కనిపించినా అర్థం లేదు. సంకేతం పంపాల్సిన గ్రంథే దెబ్బతింది కదా. కణితికి శస్త్రచికిత్స, తలకు రేడియేషన్, కాన్పులో విపరీతమైన రక్తస్రావం జరిగినవాళ్లలో ఫ్రీ టీ4 చూసి డోసు నిర్ణయించాలి. వీళ్లలో మరో ప్రమాదం ఉంది. పిట్యూటరీతోపాటు కార్టిసాల్ (మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు వదిలే, రక్తపోటును నిలబెట్టే హార్మోను) కూడా తగ్గి ఉంటే, థైరాక్సిన్ ముందు మొదలుపెట్టడం వల్ల ఉన్న కాస్త కార్టిసాల్ త్వరగా ఖర్చయిపోయి రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంత పడిపోవచ్చు. అడ్రినల్ గ్రంథులే దెబ్బతిన్న అడిసన్ జబ్బులోనూ ఇదే ముప్పు. హైపోథైరాయిడిజంలో సాధారణంగా బరువు పెరుగుతుంది. దానికి విరుద్ధంగా బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, చర్మం నల్లబడడం, సోడియం తగ్గడం కనిపిస్తే పొద్దున 8 గంటల వేళ కార్టిసాల్ పరీక్ష చేయించి, తక్కువుంటే ముందు స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెడతారు.