బొగ్గు వ్యాగన్ నమూనాను ఇంట్లోనే తయారుచేయడం ఎలా?

రైలు నమూనాలపై ఇష్టం ఉన్నవారు చాలామంది ఇంజిన్‌తో మొదలుపెట్టి, మోటారు, తీగల దగ్గర ఆగిపోతారు. ముందు ఒక వ్యాగన్ చేయండి. సింగరేణి బొగ్గును విద్యుత్ కేంద్రాలకు చేరవేసే పైకప్పు లేని బాక్స్ఎన్ వ్యాగన్ ఇందుకు చక్కగా సరిపోతుంది. నిటారు గోడలే తప్ప వంపులు ఉండవు.

ముందు కొలతలు

హెచ్ఓ స్కేలు అంటే అసలులో 87వ వంతు. వ్యాగన్ పెట్టె పొడవు 9,784 మిల్లీమీటర్లు, వెడల్పు 3,200. నమూనాలో అవి 112.5, 37 మిల్లీమీటర్లు అవుతాయి. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్కప్రకారం పట్టాల మధ్య 19.3 ఉండాలి. అంగళ్లలో దొరికే హెచ్ఓ పట్టాలు 16.5 మాత్రమే, ఎందుకంటే అవి 1,435 మిల్లీమీటర్ల గేజికి చేసినవి. ఈ తేడాతో సర్దుకోండి కానీ, దానికోసం పెట్టెను చిన్నది చేయకండి.

గోడలు, అడుగు

అడుగుకు 1 మిల్లీమీటరు, గోడలకు అర మిల్లీమీటరు స్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) షీటు తీసుకోండి. స్కేలు ఆనించి కత్తితో రెండుమూడు సార్లు గీసి వంచితే తిన్నగా విరుగుతుంది. రెండు పక్కగోడలనూ ఒకదానిపై ఒకటి పెట్టి, నిలువు పట్టీల గుర్తులు ఒకేసారి వేయండి. పట్టీలు ఎన్నో ఫొటో చూసి లెక్కపెట్టండి. గోడలు బల్లపై పడుకుని ఉండగానే పట్టీలను అతికించాలి. పెట్టె బిగించాక ఆ పని చాలా కష్టం.

బరువు, చక్రాలు

అన్నిటికన్నా ముఖ్యమైన దశ ఇదే. తేలిక వ్యాగన్ మలుపులో పట్టా తప్పుతుంది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్ఓ స్కేలుకు 1 ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలని సిఫారసు చేస్తుంది. మన పెట్టెకు అది సుమారు 90 గ్రాములు. ఇనుప నట్లను అడుగున అతికించండి, పైన బొగ్గు వాటిని కప్పేస్తుంది.

బోగీ అంటే ఇక్కడ ప్రయాణికుల పెట్టె కాదు, నాలుగు చక్రాల చట్రం. రెండు బోగీల మధ్యబిందువుల నడుమ 75 మిల్లీమీటర్లు ఉంచండి. ఒక బోగీ మరను అది కేవలం పక్కలకు తిరిగేంతగా బిగించండి, రెండో బోగీ మరను అది కాస్త ఊగేలా వదులుగా ఉంచండి. అప్పుడు పట్టా ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు ఇరుసులూ ఆనుకునే ఉంటాయి.

రంగు, మసి

సబ్బునీటితో కడిగి, ఆరాక ప్రైమర్, ఆపైన రెడ్ ఆక్సైడ్ రంగు పలుచటి పూతలుగా వేయండి. నా మొదటి వ్యాగన్‌కు ఒకేసారి మందంగా కొట్టాను. రెండు సాయంత్రాలు కూర్చుని అతికించిన పట్టీల అంచులన్నీ మొద్దుబారిపోయాయి.

నేలబొగ్గును గుడ్డలో చుట్టి సుత్తితో నలగ్గొట్టి, టీ వడకట్టుతో జల్లించండి. ఒక మిల్లీమీటరు రేణువు అసలులో 87 మిల్లీమీటర్ల గడ్డ. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి చుక్కలుగా వేస్తే రేణువులు చెదరకుండా అతుక్కుంటాయి. మిగిలిన మెత్తని పొడిని పొడి కుంచెతో గోడలపై పైనుంచి కిందికి లాగండి, వాన కడిగిన చారల్లా కనిపిస్తుంది. లోపలి గోడల పైఅంచున బొగ్గు రాసుకుని రంగు పోయినచోట తుప్పు రంగు అద్దండి.

చివరగా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక గూడ్స్ బండిని గమనించండి. తనిఖీ సిబ్బంది వ్యాగన్ పక్కన సుద్దతో వేసిన గుర్తులు కనిపిస్తాయి. బాగా చెక్కిన తెల్ల పెన్సిలుతో అలాంటివి రెండు మీ వ్యాగన్ మీదా వేయండి.